సరుకు బాట – పచ్చని బాట

దేశపు ఆర్థిక జీవనంలో రవాణా అంటే శరీరంలో రక్తప్రసరణ వంటిదని చిన్ననాటి నుంచి పరీక్ష కాగితాల మీద రాస్తూనే వున్నాం. అయితే ఆ రక్తం ఏ నాళంలో ప్రవహిస్తున్నది, దాన్ని ప్రవహింపజేయడానికి ఎంత ఇంధనం కాలుతున్నది, ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతున్నది అని అడగడం మాత్రం ఆలస్యంగానే మొదలుపెట్టాం. మనం తినే బియ్యం, కట్టే బట్ట, ఇంటికి వేసే సిమెంటు ఎక్కడి నుంచో మోసుకొచ్చినవే. ఆ మోతకు ఒక ఖరీదు వుంది. బిల్లులో కనబడేది అందులో కొంత మాత్రమే. మిగిలినది గాలిలో కలుస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. గుంటూరు మిర్చి యార్డు నుంచి ఢిల్లీకి రోడ్డు మీద సుమారు 1750 కిలోమీటర్లు. 25 టన్నుల సరుకు వేసుకున్న లారీ లీటరు డీజిలుకు మూడున్నర కిలోమీటర్లు నడుస్తుందనుకోండి. దారి పొడుగునా 500 లీటర్లు కావాలి. ఒక లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. అంటే ఒక్క లారీ ఒక్కసారి వెళితే 1350 కిలోలు. టన్ను మిర్చికి 54 కిలోలు! అదే సరుకు రైలు మీద పోతే ఇది మూడో వంతుకో, అంతకన్నా తక్కువకో దిగుతుంది.

ఇంధనం తక్కువ తాగుతూ, పొగ తక్కువ వదులుతూ ఎక్కువ సరుకును మోసే దారులను ఒక పద్ధతి ప్రకారం నిర్మించుకోవడాన్నే ఈనాడు పర్యావరణ హితమైన సరుకు రవాణా నడవాలు అంటున్నారు. నడవా అంటే మన ఇళ్ళలో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా అడ్డు లేకుండా సాగే దారి. రెండు గుమ్మాలూ తెరిచి వుంటేనే నడవాకు ప్రయోజనం. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది కూడా అదే. పట్టాలు వేస్తే నడవా కాదు. బస్తా గుమ్మం దాటి అందులోకి రాగలిగితేనే నడవా.

ఉక్కు మీద ఉక్కు

రైలుకు తక్కువ ఇంధనం ఎందుకు సరిపోతుంది? చదునైన నేల మీద ఒక టన్ను బరువున్న రైలు పెట్టెను నెమ్మదిగా కదుపుతూ పోవడానికి 1 లేక 2 కిలోల బరువుకు సమానమైన తోపుడు చాలు. అదే టన్నును లారీ టైర్ల మీద నడపాలంటే 6 నుంచి 10 కిలోలు కావాలి. రబ్బరు టైరు రోడ్డును తాకిన చోటల్లా కొంచెం నొక్కుకుపోతుంది, మళ్ళీ ఉబుకుతుంది. ఈ నొక్కుళ్ళలో శక్తి వేడిగా మారిపోతుంది. దూరం పోయి ఆగిన లారీ టైరు మీద చెయ్యి వేస్తే వేడిగా తగులుతుంది గదా! ఆ వేడి అంతా యజమాని పోయించిన డీజిలే. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం ఇంత నొక్కుకుపోదు. పైగా వరుసగా కట్టిన పెట్టెల్లో గాలిని చీల్చే శ్రమ ముందున్నవే ఎక్కువగా పడతాయి. వెనకవి వాటి చాటున నడుస్తాయి.

కాని ఉక్కు చక్రానికి ఒక శత్రువు వుంది. అది ఎత్తు. 200 అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే టన్నుకు 5 కిలోల తోపుడు అదనంగా కావాలి. అంటే చదునులో కావలసిన దానికి ఎన్నో రెట్లు. బొంబాయి–పూనా దారిలోని భోర్ ఘాట్‌లో వాలు 37కు 1. అక్కడ టన్నుకు 27 కిలోలు అదనం! అందుకే అక్కడ బండికి వెనక కూడా ఇంజన్లు తగిలించి తోయిస్తారు. కనుక సరుకు దారిని నిర్మించే ఇంజనీరు మొదట చూడవలసింది వేగం కాదు, వాలు.

ఉక్కు కన్నా పొదుపైనది నీరు. ఒక అశ్వశక్తి రోడ్డు మీద 150 కిలోలను, రైలు మీద 500 కిలోలను, నీటి మీద 4000 కిలోలను కదపగలదని జలరవాణా శాఖవారు చెప్పే లెక్క. అయితే నీటిలో వేగం పెంచితే ఎదురు నిలిచే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంచేత నీటికి తొందర పనికిరాదు. ఓపికగల సరుకుకే ఆ దారి.

కాటన్ దొర కాలువలు

ఓపికగల ఆ దారి మనకు కొత్తది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. వాటి నుంచి తీసిన ప్రధాన కాలువలు పొలాలకు నీరివ్వడానికే గాక పడవలు నడవడానికి కూడా ఉద్దేశించినవి. నీటిమట్టం మారే చోట లాకులు కట్టారు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. కృష్ణకు దక్షిణాన కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువలో కలిసింది. 1806లో మద్రాసుకు ఉత్తరంగా ఎన్నూరు దాకా తవ్వకం మొదలైన ఆ కాలువ ఏళ్ళ తరబడి పెరిగి, 1876–78 కరువు కాలంలో పొట్ట చేత పట్టుకొని వచ్చిన కూలీల శ్రమతో విస్తరించి, ఆనాటి గవర్నరు పేరు పెట్టుకుంది. పెదగంజాం నుంచి తమిళదేశంలోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. కాకినాడలో ధాన్యం వేసుకున్న పడవ సముద్రం మొహం చూడకుండా మద్రాసు చేరగలిగేది. గాలి వుంటే తెరచాప, లేకుంటే గట్టు మీద తాడు పట్టి లాగే మనుషులు. పొగ మాటే లేదు.

హిందూదేశానికి రైళ్ళ కన్నా నీటిదారులే మేలని కాటన్ పార్లమెంటు సంఘం ముందు కూడా గట్టిగా వాదించాడు. ఆ వాదం నెగ్గలేదు. 1899లో బెజవాడ–మద్రాసు రైలు మార్గం వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరిచారు. రైలు కొంత సరుకును తీసుకుపోతే, మిగిలినదాన్ని తరువాత లారీ తీసుకుపోయింది. 1965–66 తుపానులు, 1976 తుపాను బకింగ్‌హాం కాలువను దెబ్బతీశాయి. పూడిక పెరిగింది. ఎత్తు తక్కువ వంతెనలు కట్టారు. మద్రాసు నగరంలోనైతే పైన నడిచే రైలు మార్గపు స్తంభాలను కాలువలోనే పాతారు!

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017లో కృష్ణానదిలో ముక్త్యాల–విజయవాడ మధ్య మొదటి దశకు శంకుస్థాపన జరిగింది. అయినా చిక్కులు చిన్నవి కావు. డెల్టా కాలువల మొదటి ధర్మం సాగునీరు. వేసవిలో వాటిని కట్టేసి మరమ్మతులు చేస్తారు. ఆ నెలల్లో పడవ ఎక్కడికి పోతుంది? కాబట్టి కాలువలన్నీ మళ్ళీ పడవలతో నిండుతాయని కలలు కనడం కన్నా, నదిలో లోతున్న భాగాల్లో ఇసుక, సిమెంటు, బూడిద, కంకర వంటి తొందర లేని బరువులకు వాటిని వాడుకోవడం మేలు.

సరుకు రోడ్డెక్కిన కథ

1951 ప్రాంతంలో మన దేశపు సరుకు రవాణాలో 80 శాతానికి పైగా రైలుదే. ఇప్పుడు రైలు వాటా మూడో వంతుకు లోపే. ఇంత పొదుపైన బండిని కాదని వ్యాపారి లారీ దగ్గరికి ఎందుకు పోయాడు? అతనికి పర్యావరణం మీద కక్ష ఏమీ లేదు. కారణాలు మూడు.

మొదటిది, గూడ్సు బండికి వేళ లేదు. ఒకే పట్టా మీద ఎక్స్‌ప్రెస్సూ, పాసింజరూ, గూడ్సూ నడవాలి. దారి ఇవ్వవలసింది ఎప్పుడూ గూడ్సే. దేశంలోని రైలు మార్గాల్లో ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కలకత్తాలను కలిపే భాగం 16 శాతమే గాని సరుకులోనూ ప్రయాణికుల్లోనూ సగానికి పైగా దాని మీదే నడుస్తాయి. ఫలితంగా గూడ్సు బండి సగటు వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటడమే గగనం. ఆలస్యాన్నయినా వ్యాపారి భరిస్తాడు గాని అనిశ్చితిని భరించలేడు. నాలుగో రోజు వస్తుందంటే నాలుగో రోజుకు కొనేవాడిని చూసుకుంటాడు. నాలుగు రోజులకో పది రోజులకో తెలియకపోతే ఎవరికి మాట ఇస్తాడు?

రెండవది, రైలు చిన్నవాడికి తలుపు మూసింది. ఒకప్పుడు ఒక వ్యాగన్ సరుకునో, కొన్ని బస్తాలనో కూడా స్టేషనులో బుక్ చేయగలిగేవారు. ఆ వ్యాగన్లను యార్డుల్లో విడదీసి, కలిపి పంపడానికి రోజులు పట్టేవి. 1980ల నుంచి రైల్వేలు నిండు రేకులకు మొగ్గాయి. బండి మొత్తం ఒకే చోట నిండి, ఒకే చోట ఖాళీ అవుతుంది. బొగ్గుకు, ఇనుప ఖనిజానికి, ఎరువులకు ఇది దివ్యంగా వుంది. 58 వ్యాగన్ల బండి సుమారు 3800 టన్నులు మోస్తుంది. అది 150 లారీల పెట్టు. కాని పది టన్నుల పసుపున్న దుగ్గిరాల వ్యాపారి ఆ బండిలో ఏ మూల ఎక్కాలి?

మూడవది, రైలు గుమ్మం దాకా రాదు. గోడౌను నుంచి గూడ్సు షెడ్డుకు ఒకసారి, అక్కడ బండిలోకి ఒకసారి, అవతల దించి మళ్ళీ లారీకి ఒకసారి. బస్తా చెయ్యి మారినప్పుడల్లా కూలీ ఖర్చు, చిరుగు, తరుగు. ఫోను చేస్తే లారీ గోడౌను ముందే నిలబడుతుంది. దీనికి తోడు ప్రయాణికుల టికెట్ల మీద వచ్చే నష్టాన్ని రైల్వేలు సరుకు ఛార్జీలతో పూడ్చుకుంటూ వచ్చాయి. అంటే పొగ తక్కువ వదిలే బండి ఎక్కినవాడికి జరిమానా వేసినట్లే గదా!

ప్రత్యేక నడవాలు

మొదటి చిక్కుకు జవాబుగా పుట్టినవే ప్రత్యేక సరుకు నడవాలు. 2006లో ఇందుకోసం ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. తూర్పు నడవా పంజాబులోని లూధియానా నుంచి బీహారులోని సోన్‌నగర్ దాకా 1337 కిలోమీటర్లు. పడమటి నడవా బొంబాయి దగ్గరి జవాహర్‌లాల్ నెహ్రూ రేవు నుంచి ఢిల్లీ పొరుగున వున్న దాద్రీ దాకా 1506 కిలోమీటర్లు. 2020 డిసెంబరులో తూర్పున, 2021 జనవరిలో పడమట మొదటి పెద్ద భాగాలు తెరిచారు. తూర్పు నడవా 2023లో పూర్తయింది.

వీటి నిర్మాణంలో పైన చెప్పుకున్న సూత్రాలన్నీ కనబడతాయి. వాలు 200కు 1 మించదు. ఒక్కొక్క ఇరుసు 25 టన్నులు మోస్తుంది. మామూలు గూడ్సు బండి పొడుగు 700 మీటర్లయితే ఇక్కడ 1500 మీటర్ల బండి నడవగలదు. పడమటి నడవాలో కరెంటు తీగను ఏడున్నర మీటర్ల ఎత్తున కట్టారు. ఎందుకంటే కంటెయినరు మీద కంటెయినరు పెట్టి రెండంతస్తుల బండి నడపాలి. వేగం గంటకు 100 కిలోమీటర్ల దాకా పోవచ్చు. ప్రయాణికుల బండికి దారి ఇవ్వవలసిన అవసరం లేదు గనుక వేళ చెప్పడం సాధ్యమైంది. ఈ రెండు నడవాల వల్ల 30 ఏళ్ళలో 45 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడు ఆదా అవుతుందని నిర్మాణ సంస్థ వేయించిన అంచనా.

ఇక లారీని శత్రువుగా చూడనక్కరలేదని చూపిన పద్ధతి ఒకటుంది. కొంకణ్ రైల్వే 1999 నుంచి సరుకుతో నిండిన లారీలనే చదును వ్యాగన్ల మీదికి ఎక్కించి తీసుకుపోతున్నది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కాలవలసిన డీజిలు మిగులుతుంది, డ్రైవరుకు విశ్రాంతి దొరుకుతుంది. అవతలి స్టేషనులో దిగి లారీ నేరుగా గోడౌనుకు పోతుంది. మూడవ చిక్కుకు ఇది మంచి జవాబు.

మిర్చి బస్తా చెప్పిన పాఠం

రెండవ చిక్కుకు జవాబు మన గుంటూరు జిల్లాలోనే దొరికింది. ఎండుమిర్చి బంగ్లాదేశ్‌కు లారీల్లో పోవడం ఆనవాయితీ. ఆ దారిన టన్నుకు సుమారు 7000 రూపాయలు అయ్యేది. 2020లో కరోనా ఆంక్షల వల్ల లారీలు ఆగిపోయాయి. రైల్వేవారు ముందుకొచ్చారు గాని మామూలు బండికి కనీసం 1500 టన్నులు ఒకేసారి పోగుచేయాలి. చిన్న రైతులు, వ్యాపారులు అంత సరుకు ఎక్కడి నుంచి తెస్తారు? అప్పుడు 500 టన్నులకు లోపు మోసే పార్సిలు బండిని ఏర్పాటు చేశారు. ఆ జూలైలో రెడ్డిపాలెం నుంచి 16 పార్సిలు పెట్టెలతో 384 టన్నుల మిర్చి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్ చేరింది. టన్నుకు అయిన ఖర్చు 4608 రూపాయలు.

ఈ ఉదంతంలో కొత్త పట్టా ఒక్క మీటరు వేయలేదు. కొత్త ఇంజను కనిపెట్టలేదు. బండిని వ్యాపారి కొలతకు కుట్టారు, అంతే. టన్నుకు 2400 రూపాయలు మిగిలింది, పొగ తగ్గింది. అదే ఏడాది రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల బండి నడిచింది. సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు బయలుదేరింది. త్వరగా చెడిపోయే సరుకు రైలెక్కదన్న మాట అబద్ధమని తేలింది. వేళ చెప్పి, కొలతకు తగిన బండి పెడితే పాలు కూడా రైలెక్కుతాయి.

స్విట్జర్లాండు చేసిన పని

కొండల నడుమ లారీల పొగతో విసిగిన స్విట్జర్లాండు ప్రజలు 1994లో ఓటు వేసి, ఆల్ప్స్ దాటే సరుకును రైలెక్కించాలని రాజ్యాంగంలోనే రాయించుకున్నారు. రాసి ఊరుకోలేదు. 2001 నుంచి బరువు, దూరం, పొగ ఈ మూడింటి ప్రకారం లారీల మీద పన్ను వేశారు. ఆ డబ్బులో పెద్ద భాగాన్ని రైలు సొరంగాలకు పెట్టారు. 57 కిలోమీటర్ల గొత్తార్డు సొరంగం 2016లో తెరిచారు. కొండ మీదికి ఎక్కకుండా కొండ కింద చదునుగా పోయే దారి అది. 2000లో ఏడాదికి 14 లక్షలున్న లారీలు తరువాత సుమారు 9 లక్షలకు తగ్గాయి. పెట్టుకున్న గురి ఆరున్నర లక్షలు. అది ఇంకా అందలేదు. అయినా ఒక సంగతి స్పష్టం. మంచి దారి వేయడం ఒక చెయ్యి, పొగకు ధర కట్టడం రెండో చెయ్యి. చప్పట్లకు రెండూ కావాలి.

కొన్ని సందేహాలు

రైలు నడిపే కరెంటు కూడా బొగ్గు నుంచే వస్తున్నది గదా అని అడగవచ్చు. నిజమే. కాని లారీ ఇంజనులో డీజిలును అంత సులువుగా మార్చలేం. కరెంటు తీగ వెనక బొగ్గు బదులు రేపు ఎండనో గాలినో పెట్టవచ్చు. ఇంకొక చమత్కారం వుంది. మన రైళ్ళు మోసే సరుకులో సుమారు సగం బొగ్గే! బొగ్గు వాడకం తగ్గిన నాడు రైల్వేల ఆదాయం ఏమవుతుంది? ఇప్పటి నుంచే బస్తాలను, పెట్టెలను, పండ్లను ఆకర్షించకపోతే పచ్చని బాటలు ఖాళీ బాటలవుతాయి.

మరి లారీ కార్మికుల సంగతో? విజయవాడ ఆటోనగర్‌ను నమ్ముకొని బతికే కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇల్లు వదిలి పది పదిహేను రోజులు తిరిగే దూరపు ట్రిప్పులు తగ్గి, స్టేషనుకూ ఊరికీ మధ్య తిరిగే దగ్గరి ట్రిప్పులు పెరిగితే రాత్రికి ఇల్లు చేరే డ్రైవర్లు పెరుగుతారు. కాని ఈ మార్పు దానంతటదే న్యాయంగా జరగదు. వాళ్ళతో మాట్లాడి చేయవలసిన పని. అట్లాగే కొత్త మార్గానికి భూమి ఇచ్చే రైతు సంగతి. ఒకరి పొలం ఎండగట్టి వేసిన బాటను పచ్చని బాట అనలేం.

మన ముందున్న పని

2021 కేంద్ర బడ్జెట్టులో మరికొన్ని నడవాలకు ప్రణాళికలు తయారు చేస్తామన్నారు. అందులో రెండు మన గడప తొక్కేవే. ఒకటి ఖరగ్‌పూర్ నుంచి తీరం వెంట విజయవాడకు, రెండవది ఇటార్సీ నుంచి విజయవాడకు. జాతీయ రైలు ప్రణాళిక 2030 నాటికి సరుకులో రైలు వాటాను 45 శాతానికి చేర్చాలని గురి పెట్టుకుంది. ఇవి కాగితం దాటి నేల మీదికి వచ్చే నాటికి మనం అడగవలసిన ప్రశ్నలు సిద్ధంగా వుండాలి. గుంటూరు మిర్చికి, నూజివీడు మామిడికి, భీమవరం రొయ్యకు ఈ నడవాలో ఎక్కే చోటు ఎక్కడ? పది టన్నులవాడికి పెట్టె దొరుకుతుందా? గూడ్సు షెడ్డు దాకా మంచి రోడ్డు, అక్కడ నీడ, చల్లని గిడ్డంగి, బరువెత్తే యంత్రం వుంటాయా? బండి ఏ రోజున చేరుతుందో ముందుగా చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటారా?

మిత్రులారా! ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. మన కళాశాలలో ఇంజనీరింగు, వాణిజ్యం, అర్థశాస్త్రం చదివే నలుగురు కలిసి ఒక వారం పాటు జాతీయ రహదారి పక్కన నిలబడి ఎన్ని లారీలు, ఏ సరుకుతో, ఎక్కడికి పోతున్నాయో రాసుకోవచ్చు. ఊళ్ళోని పదిమంది వ్యాపారులను “మీరు రైల్లో ఎందుకు పంపరు?” అని అడిగి చూడవచ్చు. వచ్చిన జవాబులను పట్టికగా వేసి రైల్వేవారికి ఇస్తే, అది ఏ కమిటీ నివేదికకూ తీసిపోదు. రెడ్డిపాలెం నుంచి ఆ రోజు కదిలిన బండి కూడా ఇటువంటి ఒక ప్రశ్నకు దొరికిన జవాబే గదా!